గేటు దగ్గర ఆగిన చుక్క

అన్నయ్య స్వరపేటిక తీసేయక తప్పదని డాక్టరు తేల్చి చెప్పాక, ఆపరేషనుకు ముందు పది రోజులు అన్నయ్య ఎవరూ చూడకుండా ఫోనులో మాట్లాడుతూ కూర్చున్నాడు. ఐదేళ్ల కూతురి కోసం. కథలు, ముద్దు తిట్లు, పెద్దయ్యాక వినాల్సిన బుద్ధులు. అవి ఎవరికీ పంపలేదు. పంపితే వదిన ముందే విని కళ్లు వాచేలా ఏడుస్తుందని భయం. పాత వీడియోల్లో కూడా అన్నయ్య గొంతు లేదు. అన్నీ తనే తీసేవాడు, తీసేటప్పుడు నోటికి తాళం వేసుకునేవాడు.

ఆపరేషను రోజు పొద్దున నర్సు చెబితే ఫోను ఆపేసి దిండు కింద పెట్టాడు. అన్నయ్యను లోపలికి తీసుకెళ్లగానే ఆయా పక్క మీద ఉన్నవన్నీ చుట్టి మూట కట్టేసింది. ఆ ఆసుపత్రి బట్టలు ఉతికేది మా లాండ్రీలోనే. అక్కడ నేను సూపర్‌వైజర్ని. నన్నందరూ ‘రూల్సు’ అంటారు. కన్నతల్లి పెట్టిన పేరు కాదు, నా కింద పనిచేసే పద్నాలుగు మంది పెట్టింది.

వాళ్లకు ఆ పేరు దొరికింది ఫోన్ల వల్లే. ఒకడు ఫోను చూస్తూ ఇస్త్రీ రోలరులో వేళ్లు పెట్టుకున్నాక, లోపలికి ఎవరూ ఫోను తేకూడదని నేనే రూలు పెట్టాను. గేటు దగ్గర చెక్కపెట్టెలో పెట్టి రావాల్సిందే. నాకూ మినహాయింపు లేదు. ఆ విషయంలో నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

పదకొండింటికి ఆఫీసు ఫోను మోగింది. వదిన.

“ఏవయ్యా, మీ అన్న ఆపేసి దిండు కింద పెట్టిన ఫోను దుప్పట్లలో మీ దగ్గరికి వచ్చేసింది. అందులో పాప కోసం తన గొంతు దాచానని లోపలికెళ్తూ చెప్పాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు. నువ్వే ఎలాగైనా వెతకాలి.”

“ఆపేసి ఉంది కదా వదినా, ఎక్కడుందో నీకెలా తెలుసు?”

“నా ఫోను మ్యాపులో చుక్కలా చూపిస్తోంది. తొమ్మిదిన్నరకి మీ గేటు దగ్గర ఉంది. తర్వాత కదల్లేదు.”

ఇదేం మాయ అని గుమస్తాని అడిగాను. అతనికి ఇలాంటివన్నీ కొట్టిన పిండి.

“ఈ రకం ఫోన్లు ఆపేసినా కొన్ని గంటలు చిన్నగా కూత పెడుతూనే ఉంటాయి సార్. ఆ కూత మనకి వినపడదు. దగ్గర్లో ఉన్న ఇంకో ఫోను విని, ఫలానా చోట ఉందని చేరవేస్తుంది. ఆ ఫోను ఉన్నవాడికి కూడా తెలీదు.”

“అంటే చాడీలా?”

“చాడీలే సార్. పనికొచ్చే చాడీలు.”

గేటు దగ్గర అంగుళం వదల్లేదు. కాలవ మీద బండ ఎత్తించాను. గడ్డి పీకించాను. వ్యాను సీట్లు ఊడదీయించాను. ఆఖరికి నలుగురి ముందు డ్రైవరుని జేబులు చూపించమన్నాను.

“పన్నెండేళ్లుగా పోయినవాళ్ల దుప్పట్లు మోస్తున్నా సార్. ఒక్క ఉంగరం ముట్టుకోలేదు” అని జేబులు రెండూ బయటికి లాగి చూపించాడు. ఒక దువ్వెన కింద పడింది.

లోపల వెతుకుదామని ఎవరో అన్నారు. కసిరాను. లోపలుంటే లోపలే చూపిస్తుంది కదా, గేటు దగ్గరెందుకు చూపిస్తుంది? నా తెలివి అక్కడితో ఆగింది. ఒంటిగంటన్నర దాటాక గుమస్తా నసుగుతూ దగ్గరికొచ్చాడు.

“సార్... లోపల దాని కూత వినడానికి ఎవరి ఫోనుందని?”

దాన్ని చివరిసారి విన్నవి గేటు పెట్టెలోని మా ఫోన్లే. మూట ఆవరణ దాటి హాల్లోకి, గోడల అవతలికి వెళ్లాక వినే దిక్కు లేదు. నా ఫోను పట్టుకుని మొదటిసారి నా రూలు నేనే తప్పి లోపలికి పరుగెత్తాను. వదినకు ఫోను చేస్తే, చుక్క గేటు దగ్గర్నుంచి కదల్లేదంది.

ఆపరేషను వార్డు మూటల్ని మేం చేత్తో విప్పం. రోగాలు అంటుతాయని, నీళ్లలో కరిగిపోయే సంచితో సహా మిషనులో వేస్తాం. ఆ మూట పన్నెండూ నలభైదాకా హాల్లో నేల మీదే ఉంది. నేను గడ్డి పీకిస్తున్నంతసేపూ నలభై అడుగుల దూరంలోనే ఉంది. ఆ తర్వాత మూడో నంబరు మిషనులో వేశారు.

మిషను ఆపించాను. ఫోను దిండు గలీబులో దొరికింది. అద్దం పగిలి, చేతిలో పట్టుకోలేనంత వేడిగా ఉంది. అంత శుభ్రమైన ఫోను నేనెప్పుడూ చూడలేదు. రిపేరు చేసేవాళ్లు ముగ్గురు విప్పి చూసి, ముగ్గురూ పెదవి విరిచారు.

అన్నయ్యకు పదో రోజున చెప్పాను. దాచకుండా, నా రూలుతో సహా అంతా చెప్పాను. తిడితే బాగుండేది. తిట్టడానికి గొంతేది? పలక మీద ‘డ్రైవరుకి క్షమాపణ చెప్పావా?’ అని రాశాడు. అప్పటికి చెప్పలేదు. మర్నాడు చెప్పాను. అతను విననట్టే వ్యాను తుడుచుకున్నాడు.

అన్నయ్య ఇంటికొచ్చాక పాప నన్ను పట్టుకుంది. “బాబాయ్, నాన్నలా మాట్లాడవా?”

గొంతు బొంగురు చేసి, “ఏమే బంగారూ, పళ్లు తోముకున్నావా?” అన్నాను.

“ఛీ, అలా కాదు! నాన్న అలా అనడు.”

ఆదివారం ఆదివారం నాకిదే పాఠం. ఇంకా మెల్లగా అనమనేది. ముక్కుతో అనొద్దనేది. చివర్లో నవ్వమనేది. నాకు ఒక్కసారీ పాసు మార్కులు రాలేదు. నిజానికి తను కాదన్నప్పుడల్లా నాకు ప్రాణం లేచొచ్చేది. అసలు గొంతు ఇంకా తన చెవుల్లో ఉందన్నమాట.

ఆపరేషనైన ఏడో నెలలో ఒక ఆదివారం, అదే మాట అదే దిక్కుమాలిన గొంతుతో అన్నాను.

పాప చప్పట్లు కొట్టింది. “ఆఁ! ఇదే! అచ్చం ఇలాగే అనేవాడు!”

అది అన్నయ్య గొంతు కాదు. దాని దరిదాపుల్లో కూడా లేదు. ఆ సంగతి నాకు తెలుసు. వంటింటి గుమ్మంలో నిలబడిపోయిన వదినకు తెలుసు.

పాప కుర్చీలో ఉన్న అన్నయ్య వైపు తిరిగింది. “కదా నాన్నా?”

అన్నయ్య అవునని తల ఊపాడు.