వికోలో గొర్రెల కాపలా

ఊరకే ఇచ్చేవాడి చేతికేసి ఒకటికి రెండుసార్లు చూడాలన్నది హెర్మీనియా పద్ధతి. కొండకొమ్మున ఉన్న గనుల ఊరు సెర్రో దె పాస్కో బజారులో గొర్రె తలకాయ సూపు అమ్మబట్టి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. అన్నేళ్ళలో ఒక్క గరిటె ఎవరికీ ఊరకే పొయ్యలేదు, ఎవరి దగ్గరా ఊరకే చెయ్యి చాపలేదు. అటువంటిది, లిమా నుంచి డాక్టర్లు కొండెక్కి వచ్చి, ఆసుపత్రి వెనక గదిలో కొత్త మందు పరీక్షిస్తున్నాం, బిళ్ళలు ఊరకే ఇస్తాం, వచ్చినరోజు రొట్టె, పాలు కూడా మేమే పెడతాం అని చెప్పేసరికి ఆమెకు కలిగింది సంతోషం కాదు.

“ఊరకే ఎందుకిస్తారు వదినా? మనమేమన్నా వాళ్ళ మేనత్త పిల్లలమా?” అంది, పక్క బల్ల దగ్గర బంగాళాదుంపలు ఉడికిస్తున్న సాతుర్నినాతో. సాతుర్నినా కొడుకుని జ్ఞానస్నానానికి ఎత్తుకున్నది హెర్మీనియానే. ఆనాటినుంచి ఇద్దరికీ వదినా అన్న పిలుపు స్థిరపడింది, దాంతోపాటు దెప్పుకునే హక్కూ.

“ఊరకే ఎక్కడ? రక్తం తీసుకుంటారుగా.”

“అదే నేననేది. మా నాయనమ్మ కాలంలో పిష్తాకో రాక్షసుడు దారికాసి మనుషుల కొవ్వు పట్టుకుపోయేవాడు. ఇప్పుడు కొవ్వు మానేసి రక్తం మీద పడ్డట్టున్నారు.”

“నాది చిక్కగా గడ్డకట్టి ఉంది. ఉల్లిపాయలేసి వేయించుకుంటే ఇంటిల్లిపాదికీ సరిపోద్ది. పట్టుకుపోనియ్!”

ఇద్దరూ నవ్వారు గానీ అది నవ్వులాట కాదని ఇద్దరికీ తెలుసు. ఆ ఎత్తులో గాలి పలచన. అది చాలక కొందరి ఒళ్ళు అవసరానికి మించి రక్తం చేసుకుంటుంది. రక్తం చిక్కబడేకొద్దీ పెదాలు నేరేడుపండు రంగుకు తిరుగుతాయి. తల పగిలిపోతుంది. చెవుల్లో జోరీగలు రొదపెడతాయి. నిద్ర ఉండదు, చివరికి గుండె వాస్తుంది. సాతుర్నినాకి ఆ జబ్బు ఉంది. గనిలో లిఫ్టు నడిపి పని విరమించిన హెర్మీనియా మొగుడు ఫిదెన్సియోకీ ఉంది. ఇంతకాలమూ ఉన్న వైద్యాలు రెండే. అప్పుడప్పుడూ కాస్త రక్తం తీయించుకోవడం, లేదా కొండ దిగి కింద బతకడం. కిందికి పోయినవాళ్ళ పెదాలు వాటంతటవే ఎర్రబడతాయి.

అందుకే సాతుర్నినా, ఫిదెన్సియోలతో సహా ఆ ప్రయోగంలో చేరినవాళ్ళందరికీ ఒక నియమం పెట్టారు. అది ముగిసేదాకా ఎవరూ కొండ దిగకూడదు. దిగితే బాగుచేసింది మందో, కింది గాలో తేలదు. కొందరికి మందు బిళ్ళ, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్త పిండి బిళ్ళ వస్తాయని, ఎవరికి ఏది పడిందో ఇచ్చేవాళ్ళకు కూడా తెలియదని హిమేనా అనే చిన్న వయసు డాక్టరు మొదటిరోజే విడమరిచి చెప్పింది. ఫిదెన్సియోను పరీక్షించాక హెర్మీనియాతో ఇంకోమాట కూడా చెప్పింది.

“ఈ మందు పనిచెయ్యకపోతే బాబాయికి ఒకటే దారి పెద్దమ్మా. దిగిపోయి, మళ్ళీ ఎక్కకుండా కిందే ఉండిపోవడం. గుండె ఇప్పటికే వాచింది.”

“నేనిక్కడ పుట్టాను. నా ఇల్లిక్కడ, నా పొయ్యి ఇక్కడ. దిగితే శవపెట్టెలోనే దిగుతా,” అంది హెర్మీనియా. మొగుడు పక్కనే ఉన్నాడు. ఆ మాట వెళ్ళి ఎక్కడ గుచ్చుకుందో ఆమె అప్పుడు చూసుకోలేదు.

బిళ్ళలు మొదలయ్యాక కొన్నాళ్ళకు ఫిదెన్సియో ఒక కబురు తెచ్చాడు. పక్క ఊరు వికోలో ఉన్న మెల్చోర్ బావ మందలో దొంగలు పడుతున్నారట, వారంలో సగం రోజులు కాపలాకు రమ్మన్నాడట. వికో కూడా ఇంత ఎత్తు మీదిదే కాబట్టి డాక్టర్లకు అభ్యంతరం ఉండదు. హెర్మీనియా ఒప్పుకుంది. అప్పటినుంచి వారానికి సగం ఇంట్లో, సగం గొర్రెల దగ్గర.

మెల్లగా అతని పెదాల రంగు మారింది. నేరేడు నలుపు పోయి, గులాబీ ఛాయ వచ్చింది. ఆమె పొయ్యి రాజేస్తూ, నిద్రపోతున్న మొగుడి మొహం వైపు రోజూ దొంగచూపు చూసేది. మందు పనిచేస్తోంది, ఇల్లు వదలక్కర్లేదు! ఆ మాట పైకి అంటే దిష్టి తగులుతుందేమోనని మింగేది.

అయితే ఒకటుంది. మెల్చోర్ పొయ్యిలో కాల్చేది ఎండిన గడ్డిపెళ్ళలు. ఆ గుడిసెలో గడియసేపు కూర్చున్నా ఆ పొగ వాసన వారం దాకా వదలదు. ఫిదెన్సియో మటుకు సబ్బు వాసనతో వస్తున్నాడు. ఆ వాసనను ఆమె ముక్కు పట్టింది గానీ మనసు లోపలికి రానివ్వలేదు. పెదాలు ఎర్రబడుతున్నాయి కదా, చాలనుకుంది.

ఇంతలో అతని ఒంటిమీద పొక్కులు లేచాయి. ఒకసారి తగ్గాయి, మళ్ళీ లేచాయి. డాక్టర్ హిమేనా చేతులు తిప్పి చూసి, మెడ చూసి, హెర్మీనియా వైపు తిరిగింది.

“ఆకులూ వేళ్ళూ ఏమన్నా కాచి పోశావా పెద్దమ్మా?”

“పోశాను, విషం. పెళ్ళయిన నాటినుంచీ పోస్తున్నా, చావట్లేదు.”

డాక్టరు నవ్వింది. నవ్వు ఆగాక గొంతు తగ్గించింది. “కోపం తెచ్చుకోకు, అడగాలి కాబట్టి అడుగుతున్నా. బాబాయ్, కిందికి ఎక్కడికైనా వెళ్ళారా?”

“లేదమ్మా, గొర్రెల దగ్గరే,” అన్నాడు ఫిదెన్సియో పైకప్పు వైపు చూస్తూ.

డాక్టరు అతని మొహంలోకి కాస్త ఎక్కువసేపే చూసింది. తరువాత రాసుకుంది. “ఇటువంటి మందుల్లో పొక్కుల్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఒక్కోసారి చర్మం ఊడి ప్రాణం మీదికి వస్తుంది. మొదటిసారి లేచినప్పుడే లిమాకి రాశాను, కారణం తేలేదాకా ఎవరికీ బిళ్ళలివ్వొద్దని చెప్పారు.”

“ఎవరికీ అంటే?”

“అందరికీ ఆపేశాం. కారణం తేలకపోతే ఇంతటితో సరి.”

బయట బెంచీ మీద సాతుర్నినా కూర్చుని ఉంది. ఆమెకు అప్పటికే చెప్పినట్టున్నారు. హెర్మీనియాను చూడగానే లేచింది.

“నీ మొగుడి దురదకి నా నిద్ర లాగేసుకుంటారంట!”

“అదేం మాట వదినా?”

“మరేం మాట? ఈ బిళ్ళలు పడ్డాక నేను పడుకుంటున్నా, తెలుసా? బజారు మెట్లు ఆగకుండా ఎక్కుతున్నా. మంచంలో ఉన్న మా అమ్మని ఎత్తి కూర్చోబెడుతున్నా. ఆయనేం తిన్నాడు, ఎక్కడ తిరిగాడు? నేనూ బిళ్ళలు తిన్నా, నాకొక్క పొక్కు లేదే!”

“ఎక్కడా తిరగలేదు. గొర్రెల దగ్గరున్నాడు.”

“అయితే ఆ గొర్రెల్ని అడుగు,” అని సాతుర్నినా శాలువా తలమీదికి లాక్కుని వెళ్ళిపోయింది.

అనుమానం పెనుభూతం అంటారు. ఇల్లు చేరేదాకా హెర్మీనియా డాక్టర్లనే అనుమానించింది. మందు మనుషుల్ని తింటోందని తెలిసి ముందే చేతులు కడుక్కుంటున్నారనుకుంది. ఇంటికి రాగానే నీళ్ళు కాచి, కొండపుదీనా వేసి, మొగుడి కాళ్ళు తొట్టిలో పెట్టి కడగసాగింది. కడుగుతూ చూసింది. పొక్కులు మేజోడు ఆగినచోట మొదలై పంట్లాము అంచు దగ్గర ఆగిపోయాయి. చేతులమీద మణికట్టు దగ్గరి చొక్కా గుండీ దాకానే ఉన్నాయి. మెడమీద కాలరు దాకా. చొక్కా విప్పించింది. లోపల ఒళ్ళు నున్నగా ఉంది.

మందు ఒంట్లోంచి పొంగేదైతే చొక్కా ఎక్కడ మొదలవుతుందో దానికెలా తెలుసు?

ఎప్పుడో కింద లోయలో, వానుకోలో, ఒక పెళ్ళికి వెళ్ళి, దోమలు కుట్టి వచ్చి ఇద్దరూ ఇలాగే మణికట్లు గోక్కున్నారు. సెర్రో చలికి దోమ బతకదు. ఇన్నాళ్ళూ గుమ్మం దగ్గరే ఆపేసిన సబ్బు వాసన ఇప్పుడు లోపలికి వచ్చి కూర్చుంది.

“ఆవిడ పేరేంటి?” అంది తల ఎత్తకుండా.

“ఎవరావిడ?”

“వానుకోలో నీ బట్టలుతికే ఆవిడ.”

“మెల్చోర్ గొర్రెలు...”

“మెల్చోర్ గొర్రెల్ని దోమలు కుడుతున్నాయా?”

ఫిదెన్సియోకి నవ్వొచ్చింది. ఆ నవ్వుకి ఆమెకు ఒళ్ళు మండి, తుండు అతని ఒళ్ళో విసిరేసింది.

“ఎవరూ లేరే. నా మొహానికి ఇంకో ఆడది కూడానా?”

“ఈమధ్య మొహం ఎర్రబడిందిగా!”

“వానుకోలో నాతో గనిలో పనిచేసినవాడికి కలప అడితి ఉంది. అక్కడ కాపలా కాస్తున్నా. ఆ బిళ్ళలు నాకేం చెయ్యలేదు హెర్మీనియా. నెలైనా చెవుల్లో అదే రొద, అదే తలనొప్పి. నాకు పిండి బిళ్ళ పడిందని అర్థమైపోయింది. ఆ సంగతి చెబితే డాక్టరమ్మ దిగిపొమ్మంటుంది. నువ్వేమో శవపెట్టెలోనే దిగుతానంటివి.” కాళ్ళు నీళ్ళలో అటూ ఇటూ కదిపాడు. “సగం అక్కడ, సగం ఇక్కడ ఉంటే నీ మాటా దక్కుతుంది, నేనూ దక్కుతానని అనుకున్నా. కింద నా చెవులు మోగవే. మొదటిరోజు పిట్ట కూస్తే ఎవరో ఈల వేశారనుకుని లేచి చూశాను.”

ఆమె తొట్టి పక్కన నేలమీద కూర్చుండిపోయింది. ఎవరో ఒక ఆడది ఉండి ఉంటే బాగుండేదనిపించింది ఆ క్షణాన. ఆడదాన్నైతే జుట్టు పట్టుకుని వదిలించుకోవచ్చు. కింది గాలితో ఎలా పోట్లాడటం?

నోరు మూసుకుంటే ఇల్లు దక్కుతుంది. ఆ ప్రయోగం ఆగిపోతే ఆగిపోనీ. అసలు సాతుర్నినా మటుకు నిజంగా మందుతోనే బాగుపడిందని ఏమిటి? ఆవిడా ఎక్కడికో దిగుతోందేమో! ఆ ఊహ రాగానే హెర్మీనియాకే సిగ్గేసింది. మంచంలో తల్లిని వదిలి ఆ మనిషి బజారు దాటి ఎరగదు. ఉడికిన దుంప గిన్నెలో వేస్తూ నిలబడే కునుకు తీసే సాతుర్నినా, ఇటీవల పాటలు పాడుతోంది. గొంతు బాగుండదు. అయినా పాడుతోంది.

మర్నాడు పొద్దున వడగళ్ళు పడి ఆగాక హెర్మీనియా మొగుడి కోటు తెచ్చి చేతికిచ్చింది.

“పద.”

“చెప్పేస్తే మనం...”

“తెలుసు. నువ్వు చెప్పు. నేను పక్కన కూర్చుంటా.”

ఫిదెన్సియో చెప్పాడు. డాక్టర్ హిమేనా మధ్యలో అడ్డురాలేదు. చీవాట్లు పెడుతుందని హెర్మీనియా కాచుకుని కూర్చుంది. అవి రాలేదు.

“నాకూ అనుమానమే బాబాయ్. మా లిమాలో దోమలు లేవా? కానీ మీరు వెళ్ళలేదంటే వెళ్ళలేదనే నేను రాసుకోవాలి. ఇలా ఎక్కుతూ దిగుతూ ఆ గుండెను ఇంకా అలిసేలా చేశారు. ఇక రెండు పడవలు కుదరవు.”

“అయితే ఈయనది పిండి బిళ్ళేనా? ఇప్పుడైనా చెప్పు,” అంది హెర్మీనియా.

“నాకు తెలీదు పెద్దమ్మా.”

“డాక్టరువి, నీకు తెలీదా!”

“తెలిస్తే నా కన్ను మోసం చేస్తుంది. మందు పడ్డవాళ్ళంతా నాకు బాగుపడ్డట్టే కనిపిస్తారు. అందుకే నాకు చెప్పరు.”

ఇన్నాళ్ళూ ఆ పిల్ల ఏ మాట చెప్పినా నమ్మని హెర్మీనియా, తెలీదన్న ఆ ఒక్క మాటను మటుకు నమ్మింది. ఫిదెన్సియో ఇక ప్రయోగంలో లేడు. లేని మనిషికి పాలు పొయ్యాలన్న నియమమేదీ ఉండదు. అయినా డాక్టరు రెండు గ్లాసులు నింపి వాళ్ళ ముందు పెట్టి, లిమాకి ఫోను చెయ్యడానికి పక్క గదిలోకి వెళ్ళింది. వేడిగా ఉన్నాయి. ఇద్దరూ ఊదుకుంటూ తాగారు.

లిమావాళ్ళు వెంటనే ఒప్పుకోలేదు. ఫొటోలడిగారు, చర్మం జబ్బులు తెలిసినవాళ్ళకు చూపించారు, అందర్నీ మళ్ళీ పిలిచి ఒళ్ళు పరీక్ష చేయించారు. చివరికి బిళ్ళలు మళ్ళీ మొదలయ్యాయి. ఆ కబురు సాతుర్నినా వచ్చి చెప్పేవేళకు హెర్మీనియా బల్ల కింది సామాను మూటకడుతోంది.

“నీ చోటు నేను చూస్తాలే. ఎవరన్నా కుండ పెడితే పగలగొడతా,” అంది సాతుర్నినా.

“నువ్వే పెడతావని నాకు తెలీదా?”

“పెడితే పెడతా. పరాయివాళ్ళు పెట్టేకంటే నయం కాదూ?” అని, మూట కొస అందుకుంటూ, “ఆ రోజు నోటికొచ్చింది అనేశాను వదినా,” అంది.

“నువ్వన్నావనేగా గొర్రెల్ని అడిగింది.”

సాతుర్నినా మూటకి రెండో ముడి వేసింది. హెర్మీనియా వేసిన ముడి గట్టిగానే ఉంది. అయినా వేసింది. “ఆ పెద్ద కుండ ఎందుకు మోస్తావు? అక్కడ దొరకవా?”

“ఆ లోయవాళ్ళు కోడిని నీళ్ళలో ముంచి తీసి సూపంటారు. తలకాయ సూపంటే ఏంటో ఎవరో ఒకరు చూపించొద్దూ?”

వానుకో వెళ్ళే కారు దగ్గర ఫిదెన్సియో ఎదురుచూస్తున్నాడు. ఈసారి అందరూ చూస్తుండగా ఎక్కుతున్నాడు గనక అతనికి కాస్త కొత్తగా ఉంది.

“ఆ గది ఎలా ఉంటుంది?” అంది హెర్మీనియా.

“అడితి వెనకాల. చిన్నదే. కిటికీ ఉంది.”

“పక్కన ఎవరుంటారు?”

“ఎవరో ముసలావిడ. ఒక్కతే.”

“ఎంత ముసలావిడ?”

“నువ్వే చూద్దువుగానిలే.”

“చూస్తా. అందుకేగా వస్తున్నా,” అంటూ ఆమె కారెక్కింది. అతను నవ్వు దాచుకుంటూ పక్కకు జరిగాడు. మొదటి మలుపు దాకా ఆమె వెనక్కే చూసింది. ఆ తరువాత కుండ దొర్లకుండా రెండు చేతులా పట్టుకుని, దిగుతున్న దారి వైపు తిరిగింది.