అవతలి గట్టు

జానీ బీకి నడకంటే మహా బద్ధకం. షుగరు వచ్చిందని, పొద్దున్నే నడవాలని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా, పనీపాటా లేనట్టు రోడ్లమ్మట తిరగడమేంటని కొట్టిపారేసేది. అలాంటి మనిషి ఆ ఏడు చలికాలం మొదలవుతుండగా, తెల్లవారుజాము నమాజు చేసుకుని, బురఖా తగిలించుకుని, కోడలి గది తలుపు తట్టింది.

"సుమయా, లేమ్మా. కాలవ గట్టు మీద కొత్త పార్కు తెరిచారంట. నడవడానికి పోదాం, తోడు రా."

"నేనెందుకత్తమ్మా? మీరు వెళ్లి రండి."

"ఒక్కదాన్నే పోయి, కళ్లు తిరిగి కాలవలో పడితే ఎవరే చూసేది?"

సుమయా లేచి మొహం కడుక్కుని వచ్చింది. ఈ మధ్య ఏది చెప్పినా అంతే, ఎదురు చెప్పడమూ లేదు, ఇష్టపడటమూ లేదు. అదే జానీ బీని భయపెడుతోంది.

ఆగస్టులో బాపట్లలో బంధువుల పెళ్లికి వెళ్లారు. సుమయాకి ఏడో నెల. పెళ్లింట్లో ఉండగానే నొప్పులొచ్చాయి. అక్కడే ఆసుపత్రిలో చేర్చారు. ఆడపిల్ల పుట్టింది గాని ప్రాణం లేదు. సుమయాకి రక్తం బాగా పోయి ఒళ్లు తెలియలేదు. జానీ బీ ఆ పిల్లను తెల్లటి గుడ్డలో చుట్టి కొడుకు నాసిర్ చేతిలో పెట్టింది. నాసిర్, అతని తండ్రి మహబూబ్ సుభాని కలిసి పిల్లను కారులో తెనాలి తీసుకొచ్చి, ఆ సాయంత్రమే ఖననం చేశారు. సుమయా కళ్లు తెరిచేసరికి అంతా అయిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. నాసిర్‌కి మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉంది. రాత్రి ఇంటికి రావడం, ఇంత తినడం, డాబా ఎక్కి కూర్చోవడం. సుమయా పొద్దుటి నుంచి పనిలో మునిగి ఉండేది. గిన్నె కింద పెట్టినా చప్పుడు రానిచ్చేది కాదు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ పిల్ల నవ్వు వీధిలోకి వినపడేది. ఇప్పుడు ఒకే కప్పు కింద నలుగురూ అద్దె ఇంట్లో పరాయివాళ్లలాగా తిరుగుతున్నారు.

పార్కు బాగా పెద్దది. వంతెన దగ్గర మొదలై, కాలవ వెంటే, నీళ్లు ఆపి వదిలే లాకుల దాకా పోతుంది. నీళ్ల పక్కన ఎర్ర రాళ్లు పరిచిన బాట నడిచేవాళ్లకి, కానుగ చెట్ల వరస అవతల నల్లటి బాట సైకిళ్లకి. కాలవ నిండుగా పారుతోంది. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా కొట్టుకుపోతోంది. మంచులో ముసలివాళ్లు మంకీ టోపీలు పెట్టుకుని, చేతులు ఊపుకుంటూ రాజకీయాలు మాట్లాడుకుంటూ నడుస్తున్నారు.

రెండు ఫర్లాంగులు నడిచేసరికి జానీ బీ సిమెంటు బల్ల మీద కూలబడింది. పక్కనే ఆయాసం తీర్చుకుంటున్న ఒకావిడ నవ్వింది. పేరు హైమావతి. ఇద్దరివీ ఒకే జబ్బులు కావడంతో పరిచయం ఇట్టే కలిసింది.

"మీ అమ్మాయాండి?"

"కోడలండి. అమ్మాయి కిందే లెక్క."

సుమయా ఆ మాట వినలేదు. చెట్ల అవతల సైకిలు తొక్కుకుంటూ పోయే ఆడపిల్లల్ని చూస్తోంది. వాళ్లు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా చూసింది. ఇన్ని నెలల్లో ఆ పిల్ల దేన్నైనా అలా చూడటం జానీ బీ ఎరగదు. మర్నాడూ గమనించింది. ఆ మర్నాడు ఇక ఆగలేక అడిగేసింది.

"నీకు సైకిలు వచ్చా ఏంటే?"

"వచ్చత్తమ్మా. రేపల్లెలో స్కూలుకి సైకిలు మీదే వెళ్లేదాన్ని. టెన్త్ అవగానే నాన్న అమ్మేశారు."

గేటు దగ్గర రేకుల షెడ్డులో అబ్రహాము అనే ఆయన సైకిళ్లు అద్దెకిస్తాడు. జానీ బీ నేరుగా అక్కడికి నడిచింది.

"అన్నా, ఓ లేడీస్ సైకిలు ఇవ్వు. మంచిది చూసి ఇవ్వు, బ్రేకులు పడేది."

"మీకాండి?" అన్నాడు అబ్రహాము బిత్తరపోయి.

"నాకే అయితే నువ్వు పట్టుకోగలవా? మా కోడలికి."

సుమయా వద్దంది. ఎవరైనా చూస్తారంది. ఇంట్లో ఆయన ఏమంటాడో అంది. "నేను చెప్పుకుంటాలే, ఎక్కు" అని జానీ బీ తనే హ్యాండిలు పట్టుకుని నిలబడింది. సుమయా బురఖా అంచు పైకి మడిచి పిన్నీసు పెట్టుకుంది. మొదట సైకిలు అటూ ఇటూ ఊగింది. ఓ కాలు నేల మీద ఆనించింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు వీపు నిటారు చేసి, చెట్ల మధ్యగా ముందుకు సాగిపోయింది. తిరిగి వచ్చేసరికి బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. రొప్పుతోంది.

"కాళ్లు పీకుతున్నాయత్తమ్మా" అంది. నాలుగు నెలల్లో తన గురించి తను చెప్పుకున్న మొదటి మాట అది. జానీ బీ తల పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

అప్పటి నుంచి రోజూ అదే వరస. అత్త బల్ల దాకా నడుస్తుంది, కోడలు సైకిలు మీద ఓ చుట్టు తిరిగి వస్తుంది. రోజురోజుకూ కాస్త దూరం పోతోంది.

ఒకరోజు తిరిగి రాలేదు.

హైమావతి తన నడక ముగించుకుని వెళ్లిపోయింది. మంచు విడిపోయి ఎండ వచ్చింది. జానీ బీ షెడ్డు దగ్గరకి వెళ్లి అడిగితే, "ఇంకా రాలేదండి, లాకుల వైపు పోతుంటే చూశాను" అన్నాడు అబ్రహాము. జానీ బీ కాలవ వైపు చూసింది. నీళ్లు ఎంత లోతుగా, ఎంత తొందరగా పారుతున్నాయో అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది. ఈ పిల్లను ఇక్కడికి లాక్కొచ్చింది నేను కదా, సైకిలు ఎక్కించింది నేను కదా, అనుకుంటూ మోకాళ్ల నొప్పి మరిచి పరుగులాంటి నడక అందుకుంది. చెప్పులు జారిపోతుంటే చేత్తో పట్టుకుంది. 'యా అల్లా, యా అల్లా' అన్న మాట తప్ప నోట ఇంకోటి లేదు.

బాట చివర, లాకుల దగ్గర ఇనప కమ్మీ ఉంది. దానికి సైకిలు ఆనించి సుమయా నిలబడి ఉంది. అవతలి గట్టు వైపు చూస్తోంది.

జానీ బీకి తిట్టాలనిపించింది. ఊపిరి అందలేదు. వెళ్లి పిల్ల భుజం పట్టుకుంది, పట్టుకుని వదల్లేదు.

సుమయా ఆమె చేతిలోని చెప్పుల్ని చూసి కంగారు పడింది. "అయ్యో అత్తమ్మా! పరిగెత్తుకొచ్చారా?"

"ఏం చేస్తున్నావే ఇక్కడ? నా ప్రాణం పోయింది!"

సుమయా మళ్లీ అటు తిరిగింది. చేయి చాచి చూపించింది. అవతలి గట్టు మీద సగం కట్టిన గోడ, దాని వెనక వేపచెట్లు, చెట్ల కింద మట్టి దిబ్బలు.

"రాత్రి మావయ్య ఎవరితోనో అంటుంటే విన్నాను, లాకుల అవతల ఖబరస్తాన్‌కి కొత్త గోడ కడుతున్నారని. అదే కదా? అక్కడే కదా పెట్టింది?"

"అవునమ్మా."

"ఎక్కడ? ఏ వైపు?"

జానీ బీ తల అడ్డంగా ఊపింది. "నాకూ తెలీదే. ఆ రోజు నేను నీ దగ్గరే ఉన్నాగా బాపట్లలో. నాసిర్‌కే తెలుసు. అడక్కపోయావా వాణ్ణి?"

"అడిగితే ఏడుస్తాడేమోనని..." అంది సుమయా. అంటూ తనే ఏడ్చింది. ఆసుపత్రిలో కూడా ఇలా ఏడవలేదు. జానీ బీ ఊరుకోమనలేదు. కమ్మీకి ఆనుకుని, పిల్లను గుండెకి హత్తుకుని, లాకుల నీటి హోరులో ఆ ఏడుపు అలిసిపోయేదాకా నిలబడింది.

ఆ రాత్రి జానీ బీ డాబా మెట్లెక్కింది. నాసిర్ పిట్టగోడ మీద కూర్చుని ఉన్నాడు.

"సుమయా సైకిలు తొక్కుతోందంట? షాపుకొచ్చినోళ్లు చెప్తే తెలియాలా నాకు?" అన్నాడు తల్లిని చూడగానే.

"నేనే ఎక్కించాను. కోపముంటే నా మీద చూపించు."

"కోపం కాదమ్మీ. నాతో ఒక్క ముక్క చెప్పలేదు."

"నువ్వేం చెప్పావు రా దానికి?" అంది జానీ బీ. గొంతు హెచ్చించలేదు. "పొద్దున లాకుల దగ్గర నిలబడి ఖబరస్తాన్ వైపు చూస్తోంది. ఏ వైపు పెట్టారని నన్నడిగింది. కన్నతల్లికి ఆ మాట చెప్పేవాళ్లు లేరు ఈ ఇంట్లో. నువ్వు ఏడుస్తావని అడగలేదంట."

నాసిర్ తల వంచుకున్నాడు. "అది ఏడుస్తుందని నేను చెప్పలేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున జానీ బీ తలుపు తట్టేసరికి ఇద్దరూ తయారై ఉన్నారు. ముగ్గురూ పార్కుకి వచ్చారు. అబ్రహాము రెండు సైకిళ్లు తీశాడు. నాసిర్ బండి తప్ప సైకిలు ముట్టుకుని ఏళ్లయింది. ఎక్కీ ఎక్కగానే కానుగ చెట్టు మీదకు పోయాడు. సుమయా గబుక్కున హ్యాండిలు పట్టుకుని ఆపింది. "నెమ్మదిగా తొక్కు. ముందుకి చూడు, కిందకి కాదు" అంది. మొగుడికి సైకిలు నేర్పే కోడల్ని చూసి జానీ బీ బురఖాలో నవ్వుకుంది.

ఆ రోజు ఆమె కూడా బల్ల దగ్గర ఆగలేదు. మెల్లగా, కూర్చుంటూ లేస్తూ, లాకుల దాకా నడిచింది. ఆమె చేరేసరికి వాళ్లిద్దరూ కమ్మీ దగ్గర ఉన్నారు. నాసిర్ వేలు పెట్టి చూపిస్తున్నాడు.

"ఆ పెద్ద వేపచెట్టు ఉంది చూడు, దానికి కుడి పక్కన. మా నాన్నమ్మ సమాధి కూడా అక్కడే. ఆమె పక్కన పెడదామన్నాడు నాన్న. చిన్నపిల్ల కదా, ఒక్కతే ఎక్కడో ఎందుకని."

సుమయా కళ్లార్పకుండా చూస్తోంది.

"బాపట్ల నుంచి ఇక్కడి దాకా నా ఒళ్లోనే ఉంది. నాన్న తీసుకుంటానన్నా ఇవ్వలేదు. పొన్నూరు దాటాక వాన పట్టుకుంది. జల్లు పడుతుందని కారు అద్దం ఎత్తాను." అతను చూపిస్తున్న వేలు దించాడు. "అద్దం ఎత్తాక గుర్తొచ్చింది, ఎందుకెత్తానా అని. అయినా దించలేదు."

సుమయా అతని చెయ్యి పట్టుకుంది. "మొహం ఎలా ఉంది?"

"నీ ముక్కే. జుట్టు ఒత్తుగా ఉంది, నల్లగా, చెవుల మీదకి."

"అవునే, చాలా జుట్టు" అంది జానీ బీ వెనక నుంచి. ఇన్నాళ్లూ తనూ ఆ మాట దాచుకుంది మరి. "నేను దువ్వాను వేళ్లతో."

సుమయా ఏడుస్తూనే నవ్వింది.

"పేరేంటని అడిగారు అక్కడ" అన్నాడు నాసిర్. "ఓసారి వంట చేస్తూ అన్నావు కదా, ఆడపిల్లయితే యాస్మిన్ అని పెడదామని. నేను అప్పుడు నవ్వాను. అదే చెప్పాను."

సుమయా ఆ పేరును పెదాల మీదే ఒకసారి పలికింది. తర్వాత పైకి పలికింది. నాసిర్ కమ్మీ మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసి రాస్తూ, వేపచెట్టు కుడి పక్కన చూస్తూ నిలబడింది. ముగ్గురూ చేతులు ఎత్తి దువా చేశారు. లాకుల దగ్గర గాలం వేసుకున్న మనిషి ఒకడు అది చూసి, తన చుట్ట ఆర్పేసి పక్కకు తిరిగి కూర్చున్నాడు.

ఎండ ఎక్కుతుండగా తిరుగుముఖం పట్టారు. "మీరు నడవలేరత్తమ్మా, మెల్లగా సైకిలు నడిపించుకుంటూ మీతోనే వస్తాం" అంది సుమయా. జానీ బీ ఒప్పుకోలేదు.

"మీరు పొండి. నా నడక నాది."

వాళ్లు పక్కపక్కనే తొక్కుకుంటూ వెళ్లారు. నాసిర్ సైకిలు ఇంకా వంకరగానే పోతోంది. సుమయా ఏదో అంటోంది, అతను తల ఊపుతున్నాడు. తర్వాత అతనేదో అన్నాడు. చాలాసేపు అతనే మాట్లాడాడు. జానీ బీకి మాటలు వినపడలేదు. ఆమె కావాలనే అడుగులు ఇంకా నెమ్మది చేసింది.

ఎదురొచ్చిన హైమావతి ఆగింది. "ఏంటండి, ఇవాళ ఇంత దూరం వచ్చేశారు! కోడలు పిల్ల మిమ్మల్ని వదిలేసి అలా వెళ్లిపోతోందేంటి? కేకేయనా?"

"వద్దండి, వద్దు" అంది జానీ బీ ఆమె చెయ్యి పట్టుకుని ఆపుతూ. "వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు."