ఇద్దరు చేసే పని

అమ్మన్నమ్మ జుట్టుకి కొబ్బరినూనె పట్టించి, చిక్కు తీసి, ముడి చుట్టాను. ఉతికిన చీర కట్టాను. వీపు వెనక రెండు దిళ్లు, నడుం పక్కన చుట్టిన దుప్పటి పెట్టి కుర్చీలో కూర్చోబెట్టాను. నా పెళ్లిలో నాకు కూడా ఎవరూ ఇంత ఓపిగ్గా తల దువ్వలేదు. వార్డు ఆఫీసు నుంచి పెద్దమనిషి వస్తున్నాడంటే మనిషిని మాసిన పక్కమీద చూపిస్తామా? మా శ్రీకాకుళం వాళ్లకి అదొక జబ్బు. పొయ్యి మీద గంజి లేకపోయినా వాకిట్లో ముగ్గు ఉండాలి.

శ్యామసుందర్‌బాబు వచ్చి గుమ్మంలో నిలబడి, "బాగున్నారా మాషీమా?" అని బెంగాలీలో పిన్ని వరస కలిపి అడిగాడు. పక్షవాతం వచ్చి మూడేళ్లుగా మాట పడిపోయిన అమ్మన్నమ్మ ఒకవైపు మూతితో నవ్వింది. ఆయనా నవ్వి, ఫారంలో ఏదో రాసుకున్నాడు. నేనిచ్చిన టీ తాగి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా కబురొచ్చింది. మనిషి కూర్చుంటోంది, శుభ్రంగా ఉంది, సేవ అక్కర్లేదట. జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశారు.

నేను కలకత్తా వాట్‌గంజ్‌లో ఒక సేవా సమితి తరఫున, మంచం పట్టిన ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి ఒళ్లు తుడిచి, అన్నం తినిపించి వస్తుంటాను. ఏ ఇంటికి వెళ్లాలో వార్డు ఆఫీసు జాబితాయే చెబుతుంది. అమ్మన్నమ్మ కొడుకు గవరయ్యా, కోడలూ కార్పొరేషన్ రోడ్లు ఊడ్చడానికి తెల్లారకుండానే పోతారు. నేను వెళ్లకపోతే మధ్యాహ్నం దాకా ఆవిడ రాత్రి తడిసిన పక్కమీదే పడి ఉండాలి.

ఆవిడ గతి అందరికీ చెప్పుకున్నాను గానీ నా గతి చెప్పుకోలేదు. ఈ కలకత్తాలో నేను నోరు విప్పి మాట్లాడేది ఒక్క అమ్మన్నమ్మతోనే. ఆవిడ బదులివ్వలేదు, కాబట్టి తప్పు పట్టదు. నా మొగుడు సత్యారావు ఖిదిర్‌పూర్ ఓడల డాకులో పనిచేస్తాడు. ఆయన లెక్కలో చొక్కా దానంతటదే ఉతుక్కుని, ఆరి, మడతపడి పెట్టెలోనే పుడుతుంది. "రోజంతా ఏటి సేస్తన్నావే? ముసిలోల్ల కాడ కూకుని కబుర్లాడీసి రావడం కూడా ఉజ్జోగమేనేటి?" అంటాడు. బతికున్నప్పుడు మా అత్త, "మేం ఇయ్యన్నీ సేసీసి, పైన దంపుళ్లు కూడా దంపినాం. ఎవులికైనా సెప్పుకున్నామేటి?" అనేది. చెప్పుకోలేదు కాబట్టే ఎవరికీ తెలియలేదత్తా అనాలని ఎన్నిసార్లు నాలిక చివరిదాకా వచ్చిందో. కూతురికి నా తెలుగు మోటు. నేను పలకరిస్తే బెంగాలీలో ఒక ముక్క విసిరి పుస్తకంలోకి తల దూరుస్తుంది. అన్నం వడ్డిస్తుంటే ముగ్గురం ఉన్న గదిలో గరిటె చప్పుడొక్కటే వినిపిస్తుంది. అందుకని చెప్పాల్సినవన్నీ పొద్దుటిదాకా దాచుకుని, అమ్మన్నమ్మ వీపు తుడుస్తూ చెప్పేదాన్ని. ఆ పేరుతోపాటు నన్నూ కొట్టేసినట్టయింది.

సోమవారం వార్డు ఆఫీసులో మీటింగు పెట్టారు. మా సమితిని నడిపే, అక్కా అన్నట్టు అందరూ 'ది' చేర్చి పిలిచే శుక్లాది, "మీరు సరిగ్గా చూడకుండానే కొట్టేశారు" అంది. "అవసరం లేనివాళ్ల పేర్లు మీరే ఇస్తారు" అన్నాడు శ్యామసుందర్‌బాబు. నెలనెలా ఇదే తంతు, నెలనెలా టీ పొయ్యడం నా పని. ఆ పూట కెటిల్ బల్లమీద పెట్టేసి, వచ్చీరాని బెంగాలీలో అన్నాను: "తప్పు నాది బాబూ. ఆవిడని నేనే అలా తయారుచేశాను. మీరు చూసింది ఆవిడ ఆరోగ్యం కాదు, నా రెండు గంటల పని. రేపు ఆరింటికి రండి, నేను చెయ్యి పెట్టకముందు."

ఆయన సరేనన్నాడు. శుక్లాది నన్ను చూపించి, "సమితి తరఫున దాలమ్మ ఉంటే చాలు" అంది. నా పేరు ఆ గదిలో వినడం అదే మొదలు.

మర్నాడు ఆయనకంటే ముందే వెళ్లాను. తలుపు తియ్యగానే వాసన. అమ్మన్నమ్మ నన్ను చూసింది, నా వెనక సందులో వస్తున్న మగమనిషి చెప్పుల చప్పుడు వింది. కదిలే ఆ ఒక్క చేత్తో చీర లాక్కుని తొడలు కప్పుకోబోయింది. నాకు సిగ్గేసింది. నా పని కనబడాలని ఈ ముసలితల్లిని బజారులో పెడతానా?

గదికి అడ్డంగా ఉన్న తాడు మీద పాత చీర వేశాను. శ్యామసుందర్‌బాబుని అవతల స్టూలు మీద కూర్చోమన్నాను. "మీరు చూడొద్దు బాబూ. నేను చెబుతాను, రాసుకోండి."

"ఎడమవైపు తిప్పుతున్నాను. పడిపోయిన చెయ్యి నలగకుండా నా భుజం మీద వేసుకున్నాను. తడిసిన గుడ్డ లాగుతున్నాను. నడుం దగ్గర పుండు, మొన్నటికంటే తగ్గింది. వేన్నీళ్లు పోస్తున్నాను. ఆవిడకి నొప్పి, కాసేపు ఆగుతున్నాను." మొదట బెంగాలీ మాటల కోసం వెతుక్కున్నాను. తర్వాత చేతుల కంటే మాటలే ముందు నడిచాయి. నా పనికి ఇన్ని మాటలున్నాయని నాకే తెలీదు. అవతల కలం ఆగకుండా గీస్తోంది. గంజి చెంచాతో పట్టి, మింగేదాకా గొంతు నిమిరేసరికి ఎనిమిదయింది.

"ఫారం వెనకవైపు కూడా నిండిపోయింది" అన్నాడాయన. కాస్త ఆగి, "పేరు ఇవాళే ఎక్కిస్తాను దీదీ. ఇకనుంచి ఏ ఇంటికైనా ఈ వేళకే వస్తాను, మీరు చెప్పిందే రాస్తాను" అన్నాడు.

అమ్మన్నమ్మ నా వేలు పట్టుకుంది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

"ఫారం ముందువైపు ఇంకొక్క గడి మిగిలింది" అన్నాడు చీర అవతలినుంచి. "మంచం మీది మనిషిని ఎత్తడం ఇద్దరు చేసే పని. మీకు తోడు ఎవరు?"

ఆ అడిగింది ఈ గది గురించే. నాకు మాత్రం మా ఇల్లంతా కళ్లముందు తిరిగింది. బెంగాలీ నోటికి రాలేదు. "నాకెవులూ నేరు బాబూ" అన్నాను.

ఆయనకి మాట అర్థం కాకపోయినా గొంతు అర్థమైనట్టుంది. కలం ఆగిపోయింది. "ఖాళీగా వదిలెయ్యనా?" అని మెల్లగా అడిగాడు.

"వద్దు" అన్నాను, ఈసారి బెంగాలీలోనే. "ఎవరూ లేరని రాయండి. కింద నేను సంతకం పెడతాను."