చాప మీది పోగు

పిల్నామ్ అవ్వ కట్టుడు పళ్ళు తీసి నీళ్ళ గిన్నెలో వేసింది. ఎంత గట్టిగా కరిచినా వాటి మధ్య నార జారిపోతోంది. పొద్దుటి నుంచి చీల్చిన ప్రతి పోగూ సగంలోనే తెగింది.

ఆన్‌డొంగ్ కొండల్లో అందరూ వేసేది నార గంజాయే. పేరు వినగానే కనుబొమలు ఎగరేయకండి, అందులో మత్తూ లేదు, మాయా లేదు. బట్ట నేతకు ఆ నారను పళ్ళతో పట్టి సన్నగా చీల్చాలి, తొడ మీద పేని కొసకు కొస కలపాలి. చిన్న రైతులంతా కలిసి సంఘం పెట్టుకున్నప్పుడు, ఎవరి పోగు వాళ్ళే తేవాలని కట్టుబాటు చేసుకున్నారు. తేలేకపోతే సంఘంలో పేరు కొట్టేస్తారు. పేరు పోతే నార వేసే అనుమతీ పోతుంది. ముసలాయన పోయాక అవ్వకు మిగిలిన తోడు ఆ కాస్త చేనే.

మధ్యాహ్నం ఆడవాళ్ళంతా చాప మీద గుండ్రంగా కూర్చున్నారు. సంఘం పెద్ద ఓక్సిమ్ వచ్చి అవ్వ బుట్టలోకి తొంగిచూసింది.

“ఏంటి పెద్దమ్మా, బుట్ట ఖాళీ? ఎలకలు గానీ ఎత్తుకెళ్ళాయా?”

“నడుం నొప్పే పిల్లా.”

“నారని నడుంతో చీలుస్తావా? ఏదీ, నోరు తెరువు.”

ఇక దాచి లాభం లేదని అవ్వ తెరిచింది. పై వరస మొత్తం బోసి. చాపంతా గొల్లున నవ్వింది. అవ్వకు ఏడుపొచ్చేసింది.

“కొట్టెయ్యవే నా పేరు!”

ఓక్సిమ్ నవ్వలేదు. “నా పెళ్ళయిన ఏడాది పెదాలు కోసుకుపోయి నేనేడుస్తుంటే, మా అత్త కంటపడకుండా నా వంతు చీల్చిందెవరు? నువ్వు కాదూ?”

“అదింకా గుర్తుందిటే నీకు?”

ఓక్సిమ్ వచ్చి అవ్వను ఆనుకుని కూర్చుంది. అవ్వ చేనులో పండిన నారే తీసి, కరిచి చీల్చి, తడి కొస అవ్వ చేతిలో పెట్టింది. “నేను కరుస్తా, నువ్వు పేను.”

“మరి కట్టుబాటో?” అంది ఎవరో.

“పెట్టింది మనమే గదా! ఇకనుంచి మనిషికింత కాదు, చాపకింత. కాదనేవాళ్ళు ముందు నోరు తెరిచి పళ్ళు చూపించండి.”

ఒక్కరూ నోరు తెరవలేదు.

“ఎంగిలి పోగు పెడతావుటే నా చేతిలో!” అంది అవ్వ, ముక్కు చీదుతూ.

“నీ ఎంగిలితోనే గదా నా కాపురం నిలబడింది.”

అవ్వ పోగును తొడ మీద వేసుకుని అరచేత్తో పేనింది. కళ్ళు మసకబారి కొసలు కనబడలేదు. కలిశాయని వేళ్ళకు తెలిసింది.