అమ్మ పేరు పెట్టాల్సిన చామంతి

నలభై ఏళ్ళు నర్సరీలో పనిచేశానని తెలిసినవాళ్ళు ఏటా ఒక మాట అడుగుతారు. పూల ప్రదర్శనకి వెళ్ళొచ్చా, టికెట్టు దండగా అని. పోయిన ఏడు దాకా నా జవాబు ఒకటే, దండగ. ఎందుకని అడిగితే చెప్పేవాణ్ణి కాదు. మా ఆయన్ని పలికించడం కన్నా కుండీని పలికించడం తేలిక అని మా ఇంటావిడ నవ్వేది. నర్సరీలో అయితే నా పేరే మౌనస్వామి.

దండగ అనడానికి కారణం ఉంది. అక్కడ బల్లల మీదున్న కుండీల్లో సగం నా చేతుల్లో పెరిగినవే. ప్రదర్శనలో ఇంటి పెంపకం అని ఒక విభాగం ఉంటుంది. అందులో పెట్టే మొక్క మూడు నెలలైనా పెట్టేవాళ్ళ ఇంట్లో పెరిగి ఉండాలని నియమం. పెద్ద ఇళ్ళవాళ్ళు పది రోజుల ముందు కారేసుకొస్తారు. మా ఓనరుతో పక్కకెళ్ళి మాట్లాడుకుంటారు. నేను ఏడాదంతా సాకిన కుండీని వెనక సీట్లో పెట్టుకుని పోతారు. ప్రదర్శన రోజున దాని ముందు వాళ్ళ పేరు చీటీ ఉంటుంది. ఇది అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నేనూ అనలేదు.

మా చెల్లెలు బడి పిల్లల బట్టలు కుట్టే కొట్లో పనిచేస్తుంది. మూడో అంతస్తులో రెండు గదులు. మెట్ల పక్కన కిటికీకి పొద్దున రెండు గంటలే ఎండ. ఆ కిటికీలో మా అమ్మ వదిలి వెళ్ళిన చామంతిని చెల్లెలు ముప్ఫై ఏళ్ళుగా బతికిస్తోంది. పూలైపోయాక పిలకలు విడదీసి కొత్త మట్టిలో పెడుతుంది. మళ్ళీ పూలు, మళ్ళీ పిలకలు. ఇటుక రంగు పువ్వు, రేకు కొసన సన్నగా పసుపు. అలాంటిది నేను ఇంకెక్కడా చూడలేదు. అమ్మ దాన్ని ఎక్కణ్ణించి తెచ్చిందో మాకు తెలియదు. అడుగుదామని బుద్ధి పుట్టేసరికి అమ్మ లేదు.

ప్రదర్శనలో ఇంకో పద్ధతి ఉంది. ఇంటి పెంపకంలో పేరులేని రకానికి మొదటి బహుమతి వస్తే, పెట్టినవాళ్ళు దానికి పేరు పెట్టొచ్చు. కార్యదర్శి ఆ పేరు లావుపాటి పుస్తకంలో రాస్తాడు. ఆ తర్వాత చుట్టుపక్కల నర్సరీలన్నీ ఆ పేరుతోనే అమ్ముతాయి. చెల్లెలి ఆశంతా ఆ పుస్తకం మీదే. అమ్మకి ఒక్క ఫోటో కూడా లేదు. అమ్మ పేరు మా ఇద్దరి నోట తప్ప ఎక్కడా లేదు. మేం పోతే అదీ పోతుంది. "కప్పు నాకెందుకన్నయ్యా, ఎవరో ఒకళ్ళు నర్సరీకొచ్చి అమ్మ పేరు చెప్పి మొక్క అడగాలి, అది చాలు" అనేది.

పోయిన ఏడు ప్రదర్శనకి ముందటేడు చెల్లెలికి జబ్బు చేసి నెల రోజులు మంచం మీద ఉంది. అప్పుడు ఒక పిలకని తడిగుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది. తన దగ్గరది చచ్చినా నా దగ్గర ఒకటి ఉండాలని. మా ఇంట్లో ఎండ పడదు. అందుకని దాన్ని నర్సరీకి పట్టుకెళ్ళి, చామంతుల వరసలో చివర పెట్టాను. నేను చేసిన మొదటి తప్పు అది.

అక్కడ దానికి ఎండ ఉంది, మాగిన ఎరువు ఉంది, నా చేతులున్నాయి. కొస గిల్లాను, పక్క మొగ్గలు తీసేశాను, ఊతకర్రలు కట్టాను. ఏ పూటా తేడా చెయ్యలేదు. ఒకరోజు ఓనరు దాని ముందు ఆగాడు. ఎక్కడిదని అడిగాడు. ఇంటిది అన్నాను. మా చెల్లెలిది అనాల్సింది. ఒక్క మాట తేడా. తన తోటలో ఉన్నదల్లా తనదే అనుకునే మనిషికి ఇంటిది అంటే ఏం అర్థమవుతుంది. అది రెండో తప్పు.

చెల్లెలికి నయమైంది. కిటికీలో చామంతి కూడా చావలేదు. ఈసారి ప్రదర్శనలో పెడతానంది. మొగ్గలు ఎన్ని ఉంచాలని అడిగితే చెప్పాను. పెట్టమనే చెప్పాను. నర్సరీలో దాని తోబుట్టువు రెండింతలు ఎదిగి ఉందని మాత్రం చెప్పలేదు.

ప్రదర్శన ఇంకా పది రోజులుందనగా పళ్ళ డాక్టరుగారి భార్య వచ్చింది. ఓనరు తిన్నగా చివరి కుండీ దగ్గరికే తీసుకెళ్ళాడు. ఆవిడకి తెగ నచ్చింది. మనవరాలి పేరు పెట్టుకుంటానని అక్కడే అంది. నేను ఆకులు తుడిచి, కుండీ కడిగి, కారులో పెట్టి, కదలకుండా రెండు పక్కలా గోనెలు చుట్టాను. తెలియక చేశానంటే అబద్ధం. అంతా తెలుసు. కారు గేటు దాటేదాకా నోట్లో మాట తిరుగుతూనే ఉంది, బయటికి రాలేదు.

ఎప్పుడూ రానివాణ్ణి ఈసారి తప్పకుండా రమ్మంది చెల్లెలు. రాకపోతే మీ గడప తొక్కనంది. వెళ్ళాను.

బడి మైదానంలో డేరాలు వేశారు. లోపల తడిమట్టి వాసన. బల్లల మీద ఇసక పోసి కుండీలు వరసగా సర్దారు. జనం వంగి చీటీలు చదువుతున్నారు, చాలామంది పువ్వు కన్నా చీటీనే ఎక్కువసేపు చూస్తున్నారు. చెల్లెలు తన కొట్లో కుట్టుకున్న కొత్త జాకెట్టు వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది, కానీ తన కుండీ పక్కన లేదు. నాలుగు కుండీల అవతల, డాక్టరుగారావిడ చీటీ ఉన్న మొక్క ముందు నిలబడి ఉంది. చెల్లెలి మొక్కకి తొమ్మిది పూలు. ఆ మొక్కకి ఇరవై ఒకటి, అన్నీ ఒక్క సైజు. ఊతకర్రకి మొదటి బహుమతి ఎర్ర రిబ్బను.

నా వైపు తిరగకుండానే అడిగింది. "ఇదెక్కడిదన్నయ్యా?"

నేను ఊతకర్రకి నా చేత్తో వేసిన ముడి వైపు చూశాను.

"పిలక నీకొక్కడికే ఇచ్చాను కదా."

తల ఊపాను. అప్పుడు చూసింది నా వైపు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"నాలుగింటికి పుస్తకంలో పేరు రాస్తారట. ఇంకా అరగంట ఉంది. వెళ్ళి చెప్పు. నేను చెబితే ఓడిపోయినదాని ఏడుపు అంటారు. పెంచినవాడివి నువ్వు చెబితే నమ్ముతారు."

వెళ్ళాను. డేరా చివర బల్ల వేసుకుని కార్యదర్శి కూర్చున్నాడు. కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది, నెమ్మదస్తుడు. పక్క కుర్చీలో మా ఓనరు. నన్ను చూసి నవ్వి, మా మౌనస్వామి అని కార్యదర్శికి చెప్పి, ఈయన లేకపోతే నా తోటే లేదన్నాడు. కుర్చీ లాగాడు. నలభై ఏళ్ళలో ఆయన నాకు కుర్చీ వెయ్యడం అదే మొదలు. టీ తెప్పించాడు. కార్యదర్శి ఏమైనా పనిమీద వచ్చారా అని అడిగాడు. టీ వేడిగా ఉంది. తాగాక చెబుదామనుకున్నాను. తాగాను. గ్లాసు కింద పెట్టి, వస్తానండీ అని లేచాను.

తిరిగొచ్చేసరికి చెల్లెలు నా మొహం చూసింది. ఏమీ అడగకుండా తన కుండీ ఎత్తుకుంది. నేను పట్టుకోబోతే పక్కకి జరిగింది. ఆమె గేటు దాటకముందే మైకులో డాక్టరుగారి మనవరాలి పేరు వినపడింది. ముద్దుపేరు, చివర టీ అని వచ్చేది. జనం చప్పట్లు కొట్టారు. నా పక్కనున్నాయన, భలే మంచి పేరు అన్నాడు.

ఆ రాత్రి తినలేకపోయాను. మా ఇంటావిడ ఏమైందంటే చెప్పాను. అంతా విని, టీ కోసం అమ్మని అమ్ముకొచ్చావన్నమాట అంది. ఆవిడ వేళాకోళంగా అనలేదు.

పొద్దున్నే కళ్ళజోళ్ళ దుకాణం షట్టరు ఎత్తకముందే అక్కడున్నాను. కార్యదర్శి, నేను కళ్ళు చూపించుకోవడానికి వచ్చాననుకుని కుర్చీ చూపించాడు. ఈసారి కూర్చోలేదు. మొక్క మా చెల్లెలిది, పిలక నాకిచ్చింది, నర్సరీలో నేను పెంచాను, డాక్టరుగారింట్లో ఉన్నది పది రోజులే అని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"నిన్న మూడున్నరకి ఇదే మాట చెబితే రిబ్బను తీసి మీ చెల్లెలి మొక్కకి కట్టేవాణ్ణి. ఆవిడది రెండో స్థానం. ఇప్పుడు న్యాయనిర్ణేతలు వెళ్ళిపోయారు, బహుమతులు ఇచ్చేశాం. తప్పని తేలితే కొట్టెయ్యగలను గానీ, ఇంకొకళ్ళ పేరు రాయలేను."

ఆవిడది రెండో స్థానం అని నాకు అప్పటిదాకా తెలియదు. చెల్లెలు చెప్పలేదు. నేను ఆ కుండీ వైపు సరిగ్గా చూడనే లేదు.

కాగితం మీద రాసివ్వమన్నాడు. నేను మూడో తరగతి మధ్యలోనే మానేశాను. ఆరు లైన్లు రాసేలోపు దుకాణంలోకి నలుగురు వచ్చి వెళ్ళారు. చివర సంతకం పెట్టాను. మీ ఓనరుకి తెలుస్తుంది మరి అన్నాడు. తెలియాలన్నాను.

తెలిసింది. నర్సరీ నుంచి నా కత్తెర, టోపీ ఇంకో పనివాడు ఇంటికి తెచ్చిచ్చాడు. ఓనరు రాలేదు, తిట్టి పంపలేదు కూడా. డాక్టరుగారావిడ మాత్రం కప్పుని డ్రైవరుతో తిప్పి పంపిందట. పుస్తకంలో మనవరాలి పేరు మీద గీత కొట్టారు. ఆ గడి ఖాళీగా ఉంది.

ఈ మాట చెప్పడానికి నెల తర్వాత చెల్లెలి ఇంటికి వెళ్ళాను. చేతిలో ఒక ఖాళీ కుండీ కూడా పట్టుకెళ్ళాను. పూలైపోయి, పిలకలు విడదీసే రోజులవి. మెట్ల మీద పాత పేపర్లు పరిచి కూర్చుంది, చేతుల నిండా మట్టి. ఏడు పిలకలు వచ్చాయి. ఆ మెట్ల మీద తనది కాక ఉన్న ఇళ్ళు ఏడు. ఒక్కొక్కళ్ళూ గిన్నో డబ్బానో పట్టుకొచ్చి తీసుకెళ్తున్నారు. ఇచ్చేటప్పుడు చెల్లెలు అమ్మ పేరు చెబుతోంది. దీన్ని అలా పిలవాలి, మర్చిపోకండి అంటోంది. కింది ఇంటి ముసలావిడ ఆ పేరు రెండుసార్లు పలికి చూసుకుంది.

నేను పై మెట్టు మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. నా జన్మలో అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. మధ్యలో ఆపకుండా వింది. ఖాళీగా ఉంచారా, పోనీలే, వాళ్ళ పేరైతే లేదు కదా అంది. పని పోయిందా అని అడిగింది. పోయిందన్నాను. తిండికి ఇబ్బందా అంది. లేదన్నాను.

ఏడో పిలక ఎదురింటావిడ పట్టుకెళ్ళింది. తల్లి మొక్క ఒక్కటే మిగిలింది, చిన్న పిలకలు ఇంకో రెండు మూడు దాని మొదట్లో కనపడుతూనే ఉన్నాయి. నా కుండీ మా ఇద్దరి మధ్య మెట్టు మీద ఉంది. చెల్లెలు దాన్ని చూసింది, పేపర్లు మడిచింది, చేతులు దులుపుకుంది.

"ఇవ్వనని కాదన్నయ్యా" అంది. "ఈ ఏడు ఇవ్వను."

సరేనన్నాను. కుండీ పట్టుకుని మెట్లు దిగాను.