కొలిమి కాదు, పొయ్యి

కరిముల్లాకి కోపం వస్తే మనిషిని తిట్టడు, మనిషి చేసిన పనిని తిడతాడు. అది ఇంకా పాడు అలవాటు. మనిషిని తిడితే దులిపేసుకుని పోవచ్చు. చేతులు కాల్చుకుని, కళ్ళు మండించుకుని, నానా చావూ చచ్చి చేసిన పనిని చూపించి "ఈ పొయ్యి ఎప్పుడు పీకేస్తావే?" అంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు? ఆయన కోడలు అన్వరీకి మండింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాలని ఆవిడకీ లేదు.

ఆటోనగర్‌లో వాళ్ళది రేకుల షెడ్డు. ముందువైపు విరిగిన లారీ కమాను పట్టీల గుట్ట, వెనకవైపు బొగ్గుల కొలిమి. ఆ పట్టీలని కాల్చి, సాగగొట్టి కత్తులు చేయడం కరిముల్లాకి తండ్రి నుంచి వచ్చిన విద్య. మాంసం కొట్లకీ, కంకిపాడు చేపల బజారుకీ ఆయన కత్తులే వెళ్ళేవి. పిడి దగ్గర నెలవంక ముద్ర కనపడితే చాలు, ఇంకెవరూ కత్తిని తిప్పి చూసేవాళ్ళు కాదు.

వెళ్ళేవి అన్నాను, చూశారా, అక్కడే ఉంది గొడవంతా. ఇనుము నారింజ రంగుకి రాగానే నిప్పుల్లోంచి బయటికి తీయాలి. కరిముల్లా కళ్ళకి శుక్లాలు కమ్మి ఆ రంగు కనపడ్డం మానేసింది. ఇనుము తెల్లబడి, చిటపటమని రవ్వలు రాల్చేదాకా నిప్పుల్లోనే ఉంచేస్తున్నాడు. అలా మాడిన ఇనుముతో చేసిన కత్తి చూపుకి బాగానే ఉంటుంది. ఎముక తగలగానే పెళుక్కుమని అంచు ఊడొస్తుంది.

అన్వరీకి ఇదంతా తెలుసు. భర్త రవూఫ్‌కి ఆ వేడీ ఆ మసీ పడక ఇబ్రహీంపట్నంలో కాంట్రాక్టు పనికి పోతుంటే, కొలిమి దగ్గర మామయ్య పట్టకారు పడితే సమ్మెట కొట్టింది ఆవిడే. చేతికింద ఇనుము ఎలా పలుకుతోందో ఆవిడకి తెలియదా? చాన్నాళ్ళు ఓర్చుకుంది. చివరికి ఉండబట్టలేక అనేసింది.

"మామయ్యా, మీకు కళ్ళు కనపడట్లేదు. ఇనుము మాడిపోతోంది. ఆపరేషన్ చేయించుకోండి."

అంతే, కరిముల్లా ఒంటికాలి మీద లేచాడు. "నా కళ్ళకేం రోగమే? సమ్మెట కొట్టేదానివి సమ్మెట కొట్టు! నా చెయ్యి ఆగిననాడు ఈ షెడ్డూ ఆగిపోద్ది. టైర్లవాడు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు, వాడికిచ్చి పారేస్తా. నా తర్వాత ఇక్కడ ఒకరు కొలిమి వెలిగించేది లేదు."

షెడ్డు పోతే తనకి మిగిలేది వంటిల్లు ఒక్కటే. సుత్తి పట్టిన చేతికి ఇక గరిటె ఒక్కటేనా? చచ్చినా ఒప్పుకోనని ఆ రోజే అనుకుంది. అలా పుట్టింది గ్యాసు కొలిమి.

ఖాళీ అయిన ఏసీ గ్యాసు డబ్బా ఒకటి తెచ్చి రెండు మూతలూ కోయించింది. బాయిలర్లకి చుట్టే తెల్లటి ఉన్ని పాత సామాన్ల కొట్లో దొరికితే, ముక్కుకి గుడ్డ కట్టుకుని డబ్బా లోపల మందంగా పరిచి, పైన నిప్పుకి తట్టుకునే మట్టి పూసింది. పక్కనుంచి లోపలికి ఒక ఇనుప గొట్టం. గొట్టం వెనక నోట్లో సన్నని చిల్లున్న ఇత్తడి జెట్టు. షెడ్డు వెనక పెట్టిన సిలిండరు గ్యాసు ఆ చిల్లులోంచి దూసుకుపోతూ గాలిని తనే లోపలికి లాక్కుంటుంది. ఎంత గాలి పోవాలో చూసుకోడానికి అటూ ఇటూ జరిపే ఒక రేకు. జెట్టుకి చిల్లు వేసిపెట్టింది పక్క సందులో వెల్డింగు చేసే ఏసుపాదం.

వెలిగించిన మొదటిసారి మంట 'టప్'మని వెనక్కి గొట్టంలోకి దూకింది.

"పొయ్యికి దగ్గొచ్చిందే," అన్నాడు కరిముల్లా, స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ. "మిరియాల కషాయం పట్టు."

చిల్లు పెద్దదయిందని ఇంకో జెట్టు వేయించింది. ఈసారి మంట పచ్చగా, బద్ధకంగా బయటికి వేలాడి షెడ్డంతా మసి చేసింది. "ఏం వండుతున్నావు? పప్పా, చారా?" అన్నాడు. గాలి రేకు బాగా తెరిచింది. మసి పోయింది గానీ, గాలి ఎక్కువై ఇనుము మీద పెచ్చులు లేచాయి. "అట్టు మాడిందే, తిప్పు తిప్పు," అన్నాడు. ఆ నవ్వు విన్నప్పుడల్లా అన్వరీకి పట్టకారు విసిరేద్దామన్నంత కోపం వచ్చేది. విసరలేదు. పళ్ళు కొరుక్కుంటూ గొట్టం ఊడదీసి, నోటికి కన్ను ఆనించి చూసింది. జెట్టు వంకరగా ఉంది. గ్యాసు గొట్టం నడిమధ్య పోకుండా ఒక పక్క గోడని కొడుతోంది. సరిచేసి, మళ్ళీ వెలిగించి, గాలి రేకుని వెంట్రుకవాసి చొప్పున మూసుకుంటూ వచ్చింది.

ఒకచోట శబ్దం మారింది. దగ్గులు పోయాయి, ఈలలు పోయాయి. బండి ఐడిలింగ్‌లో పెట్టినట్టు ఒకటే హోరు. డబ్బా లోపల ఎక్కడ చూసినా ఒకటే నారింజ రంగు, నోటి దగ్గర చిన్న నీలం నాలుక. కమాను ముక్క లోపల పెడితే ఆ రంగుకొచ్చి అక్కడే ఆగిపోయింది. ఎంతసేపుంచినా మాడలేదు. అన్వరీ ఆనందం పట్టలేక పాత గొడవలన్నీ మర్చిపోయి పరిగెత్తుకెళ్ళింది.

"మామయ్యా! దీనికి రంగు చూడక్కర్లేదు. ఈ శబ్దం వింటే చాలు. మీరే చేసుకోవచ్చు, రండి!"

కరిముల్లా గ్లాసు నేలకేసి కొట్టాడు. "గుడ్డోడికి పొయ్యి కట్టావుటే? ఎవడడిగాడు నిన్ను? ఊదితే రాజుకునేది కొలిమి. మీట తిప్పితే వెలిగేది పొయ్యి. ఆడదానివి, పొయ్యే కట్టావు. పో, కూర వండుకో!"

అప్పటిదాకా ఆయన మీద ఉన్న జాలి కాస్తా ఆ పూటతో పోయింది. రవూఫ్‌తో చెప్పుకుంటే "మీ ఇద్దరి మధ్యకీ నన్ను లాగకండి" అని ఫోన్ పట్టుకుని పడుకున్నాడు. మగాడు!

ఇంతలో రత్తమ్మ వచ్చింది. కంకిపాడు చేపల బజారులో చేపలు కోసే ఆడవాళ్ళ వరసకి ఆవిడే పెద్ద. ఆవిడ నోటికి జడవని మనిషి ఆ బజారులో లేడు. వస్తూనే కత్తిని కరిముల్లా కాళ్ళ ముందు పడేసింది. అంచు నిండా పళ్ళూడినట్టు సందులు.

"సాయిబుగారూ, మీ కత్తి ముక్క చేపలో ఉండిపోయింది. కొన్నోళ్ళ గొంతులో ఇరుక్కునుంటే నన్ను బతకనిచ్చేవాళ్ళా? మీకో దండం. వేరేవాళ్ళని చూసుకుంటాం."

కరిముల్లా ఆ కత్తిని కాలితో పక్కకి నెట్టాడు. అన్వరీ ముందుకొచ్చింది. "మంగళవారం రండి పిన్నిగారూ. నేను చేసిస్తాను. మీ చేత్తో మీరే నరికి చూడండి."

"ఆ పొయ్యి మీద కాల్చిన కత్తా?" అని కరిముల్లా పగలబడి నవ్వాడు. "రత్తమ్మా, నువ్వే సాక్ష్యం. అది బొచ్చె చేప తలకాయ నరికితే షెడ్డు తాళాలు దీని చేతిలో పెడతా. అంచు ఊడిందా, ఆ సాయంత్రమే టైర్లవాడికిస్తా."

సోమవారం కత్తి రూపుకొచ్చింది. ఎర్రగా ఉండగానే ముద్ర కొట్టాలి. ఎంత పగ ఉన్నా షెడ్డు పేరు షెడ్డు పేరే కదా అని, "మామయ్యా, ముద్ర వేయండి," అంది. కరిముల్లా నెలవంక ముద్రని చొక్కా జేబులో వేసుకుని పైనుంచి తట్టుకున్నాడు. "నా ముద్ర కొలిమిలో పుట్టినదానికి. పొయ్యి మీద ఉడికినదానికి కాదు."

అన్వరీ ఇంకోమాట అడగలేదు. మొనదేలిన ఉలి తీసుకుని పిడి దగ్గర మూడు దెబ్బలు కొట్టింది. మూడు గుంటలు పడ్డాయి.

"ఏంటవి?"

"గుర్తు," అంది, తలెత్తకుండా.

మంగళవారం రత్తమ్మ గంపలో పెద్ద బొచ్చె చేపని పెట్టుకుని దిగింది. వచ్చి పాత టైరు మీద కూర్చుంది. మిగిలింది ఒక్క పనే. కత్తిని సమంగా కాల్చి నూనెలో ముంచి పదును పట్టించాలి. అన్వరీ కత్తిని లోపల పెట్టింది. కాసేపటికి హోరు సన్నగిల్లింది. నీలం నాలుక పచ్చబడి బయటికి వేలాడింది. కత్తి సగం ఎర్రగా, సగం నల్లగా ఉండిపోయింది.

జెట్టు చూసింది, బాగానే ఉంది. గాలి రేకు చూసింది, కదల్లేదు. షెడ్డు వెనక్కి పరిగెత్తింది. గోడ పక్కన సిలిండరుకి మెడదాకా తడి గోనెసంచులు చుట్టి ఉన్నాయి. నీళ్ళు కారుతున్నాయి. చెయ్యి పెడితే మంచుగడ్డ.

గ్యాసు జోరుగా వాడితే సిలిండరు దానంతటదే చల్లబడుతుందనీ, చల్లబడితే గ్యాసు సరిగ్గా రాదనీ ఏసుపాదం చెప్పాడు. అన్వరీ ఆ మాట ఇంట్లో అన్నాల దగ్గర చెప్పింది. ఎదురుగా కూర్చుని వింది ఎవరు? కరిముల్లానే. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరు చుట్టారివి?"

"నేనే," అన్నాడు కరిముల్లా, దర్జాగా. "ఈ ఎండకి పేలిపోద్దని చుట్టా. మంచి చేసినా తప్పేనా?"

"చల్లబడితే పని చేయదని మీ ముందేగా చెప్పాను!"

"వినపళ్ళేదు. కళ్ళు పోయాయన్నావు, ఇక చెవులు కూడా పోయాయను."

రత్తమ్మ టైరు మీంచే కేకేసింది. "నీళ్ళు పోసి అగ్గి ఆర్పే కమ్మరిని మిమ్మల్నే చూస్తున్నా సాయిబుగారూ!"

అన్వరీ సంచులు పీకి ఆయన కాళ్ళ మీదకి విసిరేసింది. బట్టలు నానబెట్టే టబ్బు ఈడ్చుకొచ్చి, సిలిండరుని అందులో నిలబెట్టి కుళాయి తిప్పింది. మే నెలలో బెజవాడ కుళాయి నీళ్ళ సంగతి చెప్పేదేముంది, పక్క మేడ మీద ట్యాంకులోంచి స్నానానికి కాచినట్టే దిగుతాయి. టబ్బు నిండింది. సిలిండరు ఒంటికి పట్టిన చలి వదిలింది. షెడ్డులోంచి ఆ హోరు మళ్ళీ మెల్లగా లేచి నిలబడింది. ఆ శబ్దం వినగానే అన్వరీకి ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవడం ఇష్టంలేక మొహాన నీళ్ళు కొట్టుకుని లోపలికెళ్ళింది.

కత్తి మొన నుంచి పిడి దాకా ఒకే రంగుకొచ్చింది. బయటికి తీసి నూనెలో ముంచింది. పొగ లేచింది. చల్లారాక రుద్ది, కొలిమి నోటి దగ్గర సన్న సెగకి పెట్టి, గోధుమ రంగు తిరిగేదాకా మళ్ళీ వేడిచేసి, సానపట్టి రత్తమ్మ చేతికిచ్చింది.

రత్తమ్మ చేపని మొద్దు మీద పెట్టి ఒక్కటే వేటు వేసింది. బొచ్చె తలకాయ రెండు చెక్కలయింది. వెన్నెముక మీద ఇంకో వేటు, ఇంకో వేటు. కత్తి కడిగి, గోరు అంచు పొడుగునా లాగింది. ఎక్కడా తట్టుకోలేదు.

"నిక్షేపంలా ఉంది. మా వరసంతటికీ కావాలి ఇలాంటివి."

ఆ మాట అయిందో లేదో కరిముల్లా ఛాతీ విరుచుకుని మధ్యలోకొచ్చేశాడు. "మా కొలిమంటే ఏమనుకున్నావు రత్తమ్మా! మా నాన్న నాటి కొలిమి! అన్నీ నేనే దగ్గరుండి చేయించి, నెలవంక ముద్ర కొట్టి పంపిస్తా."

కొలిమి! ఆ ఒక్క మాట ఆయన నోట వినాలని అన్వరీ ఎంత ఎదురుచూసింది! ఎంగిలి చేసి విసిరినట్టు ఇప్పుడు వచ్చింది. ఆవిడకి సంతోషం వేయలేదు, అసహ్యం వేసింది.

రత్తమ్మ కత్తిని తిప్పి చూసింది. "దీనిమీద నెలవంక లేదేంటి? ఈ మూడు గుంటలేంటి?"

"మూడు రాళ్ళు పిన్నిగారూ," అంది అన్వరీ. "మూడు రాళ్ళు పెడితే ఏమవుద్ది?"

"పొయ్యి."

"అదే. మామయ్యగారు పెట్టిన పేరే. ఇకనుంచి మా కత్తులకి ఇదే ముద్ర."

రత్తమ్మ పడీ పడీ నవ్వింది. కరిముల్లా మొహం మాడిపోయింది. అన్వరీ ఆయన ముందు చెయ్యి చాపింది. సాక్షి ఎదురుగానే ఉంది, తప్పించుకునే దారి లేదు. తాళాలు నేల మీద విసిరికొట్టాడు. ఆవిడ వంగి తీసుకుని కొంగున ముడేసుకుంది.

రత్తమ్మ వెళ్ళేదాకా ఆగి కరిముల్లా కోడలి మీద విరుచుకుపడ్డాడు. "పొద్దెక్కింది. ఇంటికెళ్ళి అన్నం వండు. ఆడదానివి, అదన్నా చెయ్యి."

"ఇంట్లో పొయ్యి ఖాళీగానే ఉంది మామయ్యా. లైటర్ కిటికీలో ఉంది," అని అన్వరీ ఇంకో కమాను పట్టీ అందుకుని రెగ్యులేటర్ తిప్పింది. కరిముల్లా ఇంకా ఏదో అరుస్తూనే ఉన్నాడు. ఆ హోరులో ఒక్క ముక్క కూడా వినపడలేదు.