రెండుసార్లు పెట్టిన మందు

భూదవ్వ మనవడు చనిపోయేనాటికి వాడికి ఐదు నెలలు. అది పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరం వానకాలం. నాట్లు మొదలై నాలుగు రోజులైంది.

భూదవ్వది లింగంపేట. పెనిమిటి పోయాక బీడీలు చుట్టుకుంటూ ఒక్కతే ఉండేది. కూతురు గంగామణిని నాగిరెడ్డిపేటలో ఇచ్చింది. పోచారం చెరువు కింద నాట్లు పడ్డాయంటే ఆ ఊళ్లో ఆడమనిషి ఇంటిపట్టున ఉండదు. పిల్లవాణ్ణి పట్టుకోవడానికి రమ్మని కూతురు కబురు పంపితే సంబరంగా నడిచి వెళ్లింది. కొంగు ముడిలో నల్లమందు ఉండ కూడా ఆమెతో వెళ్లింది.

అప్పటికి ఆ మందు అలవాటై పన్నెండేళ్లు. చివరి కాన్పు పాడై, కడుపులో పోటు తగ్గక, ఎవరో చెబితే జొన్నగింజంత మింగింది. పోటు తగ్గింది. తరవాత పోటు లేని రోజుల్లోనూ మింగింది. జొన్నగింజంత కాస్తా కందిగింజంతయింది, ఆపైన శనగగింజంతయింది. ఎల్లారెడ్డిలో సర్కారు పట్టా ఉన్న దుకాణంలో దాన్ని బెల్లం అమ్మినట్టే అమ్మేవారు. తప్పని ఎవరూ అనుకోలేదు. కూలికి పోయే తల్లులు చంటిపిల్లల నాలుక మీద ఆవగింజంత రాసి, తొట్టెలలో పడుకోబెట్టి పోయేవారు.

ఆ పొద్దున పిల్లవాడు ఏడిస్తే భూదవ్వ కూడా అంతే రాసింది. తనూ వేసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్లు మూతలు పడ్డాయి. కొంతసేపటికి వాడు కదిలి మళ్లీ మూలిగాడు. ముందు పెట్టిన సంగతి ఆమెకు గుర్తు రాలేదు. మగతలోనే ముడి విప్పి, వేలికి ఎంత అంటిందో చూడకుండా మళ్లీ రాసింది.

పొద్దెక్కాక గంగామణి పాలివ్వడానికి మోకాళ్లదాకా బురదతో పరుగున వచ్చింది. తొట్టెలలోంచి పిల్లవాణ్ణి ఎత్తుకుంటే తల వెనక్కి వాలిపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఏం పెట్టినవే అవ్వా?"

"ఇంతే. ఆవగింజంత."

"ఎన్నిసార్లు పెట్టినవ్?"

భూదవ్వ కొంగు ముడి విప్పి ఉండకేసి చూసుకుంది. నిజంగానే ఆమెకు తెలియదు.

సాయంత్రానికి వాణ్ణి పాతిపెట్టి వచ్చారు. అల్లుడు సీతారాం ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. ఆమె మూట తెచ్చి గడప అవతల పెట్టాడు.

"అత్తా, మా ఇంట్ల నీకు జాగ లేదు. పో" అన్నాడు. గంగామణి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఇటు తిరగలేదు.

భూదవ్వ ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఇంకొకటుంది. పిల్లవాణ్ణి తీసుకుపోతుండగా, కూతురి ఏడుపు చెవిన పడుతుండగా, ఆమె ఇంటి వెనక్కి వెళ్లి ఉండలోంచి తన వంతు తుంచుకుని మింగింది. ఒళ్లు అడిగింది, చెయ్యి పెట్టింది. ఎల్లారెడ్డి దాకా నడిచినంతసేపూ ఆమెకు అదే గుర్తొచ్చింది.

తెల్లారాక ఎల్లారెడ్డిలో దగ్గరున్నదంతా ఇచ్చి నిమ్మకాయంత నల్లమందు కొన్నది. ఒక్కసారే మింగేద్దామనుకున్నది. వాన పడుతుంటే దవాఖాన మెట్ల మీద కూర్చున్నది. అక్కడ ఊడ్చి, గుడ్డలుతికే సాలవ్వ ఆమెను చూసింది. సాలవ్వ కిరస్తానీ విధవ, యాభై దాటిన మనిషి. దగ్గరికొచ్చి భూదవ్వ పిడికిలి విప్పి చూసింది.

"గింత ఒక్కపారే తింటవా?"

"తింట. నా మనుమణ్ణి సంపుకున్న."

సాలవ్వ ఆ ఉండను తీసుకుని తన రొంటిన దోపుకుంది. చెయ్యి పట్టి ఇంటికి తీసుకుపోయింది. జొన్నరవ్వతో గటక కాచి పెట్టింది. మర్నాడు భూదవ్వ ముక్కు కారుతూ, ఆవలిస్తూ, కాళ్లు గుంజుకుపోయి చాపమీద పొర్లింది. సాలవ్వ దవాఖానలో డాక్టరును అడిగి వచ్చింది.

"ఒక్కనాడే బందు చేస్తె పానం మీదికొస్తదట. దినాం కొంత తగ్గియ్యాలె. ఉండ నా దగ్గర ఉంటది. నేనిచ్చినంతే నువ్వు తినాలె."

"మానితె నా పిల్లగాడు వస్తడా?"

"రాడు."

"మరి ఎందుకు మానాలె?"

సాలవ్వ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "మా ఆయన స్వామిదాసు గీ మందే తిని పోయిండు. మానుత మానుత అనుకుంటనే పోయిండు. మానినోల్లు ఒక్కలు గూడ నాకు కండ్ల వడలే. ఒక్కలనన్న సూడాలని ఉన్నది నాకు. గంతే."

భూదవ్వకు ఆ మాట పెద్దగా అర్థం కాలేదు. కానీ ఈ ముసలామె తననుంచి ఏదో కోరుతున్నదని తెలిసింది. ఆ ఒక్క రోజుకు చచ్చే ఆలోచన పక్కకు పెట్టింది.

శనగగింజంత నుంచి మొదలుపెట్టారు. కందిగింజకు వచ్చేసరికి నెల దాటింది. ఆ నెలలో భూదవ్వ సాలవ్వ కాళ్లు పట్టుకుంది, నోటికొచ్చినట్టు తిట్టింది. విరేచనాలై చీర పాడుచేసుకుంటే సాలవ్వే ఉతికింది. కాస్త లేవగలిగాక తునికాకు తెచ్చి ముందర పెట్టింది. చుట్టబోతే ఆకు చిరిగేది. రోజంతా కూర్చుంటే నాలుగు బీడీలు కుదిరేవి, అవీ వంకరగా.

పెసరగింజంతకు దిగిన వారం భూదవ్వ దొంగతనం చేసింది. సాలవ్వ ప్రార్థనకు పోయినప్పుడు ఇల్లంతా వెదికి, కప్పు వాసాల సందున దాచిన ఉండ దొరకబుచ్చుకుని సగం తినేసింది. సాలవ్వ వచ్చేసరికి చూపు నిలబడకుండా ఉంది. సాలవ్వ చన్నీళ్లు చల్లి, ఉప్పునీళ్లు తాగించి కక్కించి, ఇంటిముందు సందులో అటూ ఇటూ నడిపించింది. పొద్దుగూకేదాకా కూర్చోనివ్వలేదు.

"నన్నెల్లగొట్టు. నేను మారను" అన్నది భూదవ్వ.

"ఎల్లగొడ్తె యాడికి పోతవ్?"

"తెల్వదు."

"గట్లైతె నడువు."

మళ్లీ శనగగింజ దగ్గర మొదలైంది. ఈసారి భూదవ్వ తిట్టలేదు. మందు చిన్నదవుతున్నకొద్దీ జరిగింది స్పష్టంగా గుర్తుకు రాసాగింది. పిల్లవాడి అరికాళ్లు, వాడు రెండోసారి మూలిగిన తీరు. ఇన్నేళ్లూ ఒంటి నొప్పిని కప్పిన మందే ఈ నొప్పినీ కప్పగలదని ఆమెకు తెలుసు. అయినా చెయ్యి చాచలేదు. వాడు గుర్తుండాలంటే తాను తెలివిలో ఉండాలనుకుంది. ముప్పై తొమ్మిది ఎండాకాలంలో ఒకరోజు సాలవ్వ ఇచ్చిన ఆవగింజంత మందును వద్దని తిప్పి ఇచ్చేసింది. సాలవ్వ దాన్ని పొయ్యిలో వేసి, మూలకు తిరిగి ముక్కు చీదుకుంది.

ఆ మరుసటేడు మళ్లీ నాట్లప్పుడు గంగామణి ఎల్లారెడ్డిలో సాలవ్వ ఇల్లు వెదుక్కుంటూ వచ్చింది. చంకలో మూడు నెలల ఆడపిల్ల. తను బాగా చిక్కిపోయి ఉంది. గుమ్మం బయటే నిలబడింది. భూదవ్వ బీడీల చాట కింద పెట్టి లేచింది గాని దగ్గరికి పోలేదు.

"మానినవంట" అన్నది గంగామణి.

"మానిన. ఏడాది దాటింది."

"మా అత్తకు కండ్లు పోయినయి. పిల్లను సూసెటోల్లు లేరు. మందు వెట్టి పొమ్మంటుండ్రు అందరు. నేను వెట్ట."

గంగామణి పిల్లను మరో చంకకు మార్చుకుంది.

"నేనింకా నిన్ను నమ్మలే అవ్వా."

"నమ్మకు బిడ్డా."

"పొలం ఒడ్డు మీద తొట్టెల కడ్త. నా కండ్ల ముంగట కూసుంటవా?"

"కూసుంట."

"ఆయన ఇంటికి రానియ్యడు. ఊరి సావిట్ల పండుకోవాలె."

"పండుకుంట."

మర్నాడు పొద్దున పొలం ఒడ్డు మీద, మడిలోకి దిగేముందు, గంగామణి తల్లి కొంగు పట్టుకుని చివరిదాకా తడిమింది. రవిక మడతలు చూసింది. గోళ్లు చూసింది. నాటువేసే ఆడవాళ్లంతా చూస్తున్నారు. భూదవ్వ చేతులు చాచి నిలబడింది.

పిల్ల చాలా ఏడ్చింది. వాన తుంపర, దోమలు, తల్లి కనిపిస్తూ కూడా అందకపోవడం. భూదవ్వ గోనె కప్పింది, భుజాన వేసుకుని తిరిగింది, పాత పాటలు గొణిగింది. పక్క మడిలోంచి ఒకామె "ఇంత మందు రాయరాదు ముసల్దానా, సెవులు పోతున్నయి" అన్నది.

"ఏడ్వనీ. ఎత్తుకుంట" అన్నది భూదవ్వ.

 మధ్యాహ్నం ఒకసారి నోట్లో నీళ్లూరి, ఆ చేదు నాలుకకు గుర్తొచ్చి, ఒళ్లంతా దానికోసం లాగింది. పిల్లను గట్టిగా హత్తుకుని ఆ లాగుడు తగ్గేదాకా ఒడ్డు మీద అటూ ఇటూ నడిచింది. గంగామణి ఒక్కో వరస పూర్తికాగానే నడుము ఎత్తి చూసేది. భూదవ్వ పిల్ల మొహం అటు తిప్పి చూపించేది.

నాట్లు తొమ్మిది రోజులు సాగాయి. తొమ్మిది పొద్దులూ గంగామణి కొంగు తడిమింది. చివరి రోజు సాయంత్రం ఒడ్డు మీదే తల్లికి రెండు రొట్టెలు, పచ్చడి కట్టి ఇచ్చి, పిల్లను తీసుకుంది.

"కోతలకు గూడ రా" అన్నది, మొహం చూడకుండా.

"వస్త" అన్నది భూదవ్వ. చీకటి పడకముందే ఎల్లారెడ్డి చేరాలని బురదలోంచి బాట పట్టింది.